మా డాక్టరమ్మ, ఒక పాల క్యాను

పుంగనూరు బస్టాండులో టీ గ్లాసు చేతిలో ఉండగా ఫోను మోగింది. మా పాత జీపు డ్రైవరు. రిటైరయ్యాక ఆయన నాకు ఫోను చేసేది పెళ్ళిపిలుపులకే. "అన్నా, డాక్టరమ్మ పొయ్యిందన్నా" అన్నాడు. అటువైపు ఆయన ముక్కు చీదుకోవడం వినిపించింది. టీ తాగకుండానే గ్లాసు పక్కన పెట్టి మదనపల్లె బస్సెక్కాను. సీట్లో కూర్చోగానే నా చెయ్యి దానంతట అదే వెళ్ళి కిటికీ అద్దాన్ని పక్కకు జరిపింది. పక్కనున్న పెద్దాయన చలిగాలి అని గొణిగాడు. ఈ అలవాటు నాకు నేర్పిన మనిషి పొద్దున్నే పోయిందని ఆయనకు ఎట్లా చెప్పను? అద్దం సగం మూసి ఊరుకున్నాను.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆమెకు నచ్చదు. రిటైరయ్యేటప్పుడు మేమంతా కలిసి సన్మానం అని బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పితే, మైకు తీసుకుని "ఈ హాల్లో మూడు వారాలుగా దగ్గుతాండేవాళ్ళు ఎవురన్నా ఉంటే ఫోటోలు అయినాక నా దగ్గరికి రాండి" అని కూర్చుంది. అదే ఆమె ఉపన్యాసం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల క్షయ తగిలిన ఇళ్ళన్నీ ఆమెను డాక్టరమ్మ అనే పిలిచాయి. నాకూ ఆ పిలుపే వస్తుంది.

నేను ఆమె దగ్గర చేరింది తొంభైల మధ్యలో, మదనపల్లెలో, టీబీ సూపర్‌వైజరుగా. మొదటి రోజు పొద్దున ఆమె ఓపీ గదిలోకి వచ్చి ఊదొత్తి వెలిగించింది. గోడకు దేవుడి పటం ఉంది. ఆమె పటం వైపు వెళ్ళలేదు. ఊదొత్తి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది, తర్వాత బల్ల దగ్గర, తర్వాత పేషెంటు కుర్చీ దగ్గర. ఈమెకు భక్తి ఉంది గానీ దిక్కు తెలియదు అనుకున్నాను. పొగ ఎటు పోతోందో చూసి, తన కుర్చీని గుమ్మం వైపు లాక్కుని, పేషెంటు కుర్చీని కిటికీ పక్కకు జరిపింది.

"గాలి మన మీద నుంచి వాళ్ళ మీదికి, ఆడ నుంచి బయటికి పోవాలప్పా. వాళ్ళ మీద నుంచి మన మీదికి రాకూడదు. నువ్వు పడుకుంటే ఈళ్ళను సూసేదెవురు?" అంది.

ఆ రోజు నుంచి గాలి వాటం చూసుకోకుండా నేను ఏ గదిలోనూ కూర్చోలేదు. మా ఆవిడ దీన్ని పిచ్చి అంటుంది. పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర కూడా కిటికీ పక్కన ఆకు వెతుక్కుంటానని దెప్పుతుంది. ఇన్నేళ్ళలో ఈ ఉద్యోగంలో నాకు జబ్బు రాలేదంటే ఆ ఊదొత్తి పుణ్యం కొంత ఉంది.

కళ్ళె పరీక్షకు కఫం ఎట్లా ఇవ్వాలో ఆమె నేర్పే తీరు చూడాలి. పేషెంటును ఆసుపత్రి వెనక ఎండలోకి తీసుకెళ్ళి, డ్రిల్లు మాస్టరు లాగా తాను దూరంగా నిలబడి చేసి చూపించేది. "ఊపిరి నిండా పీల్చు. ఆపు. ఇప్పుడు పొట్టలో నుంచి దగ్గు. ఉమ్ము నాకొద్దు నాయనా, ఉమ్ము అందరి దగ్గిరా ఉంటాది." రోగం భయంతో మొహం పాలిపోయి వచ్చినవాళ్ళు కూడా అక్కడ నవ్వేవాళ్ళు. నవ్వితే దగ్గు వచ్చేది, దగ్గుతో ఆమెకు కావలసింది డబ్బాలో పడేది.

మందు మధ్యలో మానేసిన వాళ్ళను మా రికార్డుల్లో డిఫాల్టర్ అని రాసేవాళ్ళం. పైనుంచి వచ్చిన మాట అది, అందరూ వాడేదే. ఆమె ముందు మాత్రం ఆ మాట అనడానికి వీల్లేదు. "అది బ్యాంకోళ్ళ మాటప్పా. ఆమె మనకేమన్నా బాకీ ఉండాదా? దగ్గు తగ్గింది, బాగయిందనుకోని మానేసింది. తగ్గినాక కూడా యాల మింగాల్నో మనం సరిగ్గా చెప్పలేదు" అనేది. నాకు నోరు ఎక్కువ. మందు మానేసిన వాళ్ళను చూస్తే అరవాలనిపిస్తుంది. నేను నోరు తెరవగానే ఆమె చెయ్యి నా భుజం మీద పడేది. అంటే నోరు మూసుకోమని.

ఇక మునెమ్మ సంగతి చెప్పాలి. డాక్టరమ్మను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ సంగతే. మునెమ్మ అసలు పేరు కాదు, నేను పెట్టింది.

రెండువేల తర్వాత మా వైపు కొత్త పద్ధతి వచ్చింది. మాత్రలు పేషెంటు చేతికిచ్చి పంపకుండా, ఊళ్ళోనే ఒకరు ఎదురుగా ఉండి మింగించాలి. ఒక్కొక్కరికి ఒక్కో డబ్బా, డబ్బా మీద వాళ్ళ పేరు. ఈ పద్ధతి నేర్పడానికి డాక్టరమ్మను కుప్పం వైపు వేశారు. జీపు, డ్రైవరు, నేను ఆమె వెంట. మింగించే మనిషిగా ఎవరిని పెట్టాలన్నది ఎప్పుడూ తలనొప్పే. నర్సమ్మ ఉండే ఊరు దూరం. ఏనుగులు పొలాల మీద పడే కాలంలో అడవి పక్క దారుల్లో పొద్దున్నే నడవడానికి జనం భయపడతారు. రామకుప్పం దగ్గరి ఒక పల్లెలో డాక్టరమ్మ అటూ ఇటూ చూసి, పాల కేంద్రం ముందు ఆగింది. పూటపూటకూ ఊరంతా క్యాన్లు పట్టుకుని అక్కడికే వస్తోంది.

"మనం పిలవకుండానే అందరూ వచ్చే తావు ఇదొక్కటే. మాత్రలు ఈడ పెడదాం" అంది.

పాలు కొలుచుకునే గోవిందప్పను ఒప్పించింది. ఆయన మంచివాడు, కాకపోతే తన కేంద్రం అంటే తనకు గుడి లెక్క. కాళ్ళు కడుక్కోకుండా లోపలికి రానిచ్చేవాడు కాదు. మాత్రల డబ్బాలకు ఒక రేకుపెట్టె తెచ్చి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఈ ఆలోచన బాగా కుదిరిందని డాక్టరమ్మకు ఎంత సంతోషమంటే, పలమనేరు మీటింగులో కూడా దాని గురించే చెప్పింది.

ఆ ఊరి ఆడబిడ్డ మునెమ్మ. పుంగనూరులో కాపురం. దగ్గు పట్టి చిక్కిపోయి, పరీక్షలో క్షయ అని తేలాక అత్తగారు పుట్టింటికి పంపేసింది, మొగుడు అడ్డు చెప్పలేదు. మూడేళ్ళ కూతుర్ని మాత్రం తన దగ్గర ఉంచుకుంది. పూర్తిగా బాగయ్యేదాకా బిడ్డను చూడటానికి కూడా రావద్దంది. ఆ అత్తగారిని చెడ్డదని అనలేను. మునెమ్మ మామగారు కూడా ఈ దగ్గుతోనే పోయాడట, మందులు అందక. కళ్ళారా చూసిన భయం అంత తొందరగా పోదు.

మునెమ్మ మొదటి రోజు అడిగింది ఒకటే. "బిడ్డ నన్ను మర్సిపోతాది మేడం. ఎన్ని నెల్లు మింగాల?"

"ఆరు నెల్లు. ఒక్కటీ ఇడసకుండా మింగు. నీ బిడ్డను నీ ఒళ్ళో నేనే కూసోబెడతా."

డాక్టర్లు అట్లా మాట ఇవ్వకూడదు. జీపెక్కాక నేను ఆ మాటే అన్నాను. "ఇచ్చేసినాను గదప్పా, ఇంకేం చేసేది?" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పుట్టింట్లో మునెమ్మకు ఉన్నది ముసలి తల్లి, ఒక ఆవు. రోగం సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వలేదు. మొగుడితో మాటామాటా వచ్చి పుట్టింటికి వచ్చిందని ఊరు అనుకుంది, ఆమె అట్లాగే అనుకోనిచ్చింది. పాలు పోసే వరసలో క్యాను పట్టుకుని అందరిలో ఒకతిగా నిలబడేది. మాత్రల రోజు గోవిందప్ప గట్టిగా, "మునెమ్మా, నీ పాలల్లో ఎన్న ఎంతుండాదో సూడాల, లోపలికి రా" అని పిలిచేవాడు. లోపల పరదా వెనక మాత్రలు మింగి, నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని బయటికి వచ్చేది. "ఆయమ్మ పాలకే ఎన్నిసార్లు సూస్తావప్పా, మా ఎనుము పాలు నీ కంటికి ఆనవా?" అని వెనకున్నవాళ్ళు గోవిందప్పతో గొడవపడేవాళ్ళు.

కొన్ని నెలలు ఏ తేడా లేకుండా జరిగింది. ఆమెకు దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. రోజు మార్చి రోజు మింగే దశ దాటి, వారానికొకసారి వచ్చి అక్కడ ఒక మోతాదు మింగి, మిగతావి ఇంటికి పట్టుకెళ్ళే దశకు వచ్చింది. అటువంటప్పుడు ఒకరోజు మేం వెళ్ళేసరికి మునెమ్మ డబ్బాలో మాత్రలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

"ఆమె వచ్చి శానా దినాలయింది మేడం" అన్నాడు గోవిందప్ప.

"మరి మాకు యాల చెప్పలేదప్పా?"

గోవిందప్ప ఆశ్చర్యంగా చూశాడు. "ఆవు వట్టిపొయ్యింది గదా మేడం. నిండు చూడి. పాలు లేనోళ్ళు డెయిరీకి యాల వస్తారు?"

అందులో ఆయన తప్పేమీ లేదు. ఆ ఊళ్ళో ఎవరినడిగినా అదే చెప్తారు. చూడి ఆవు ఈనే ముందు పాలివ్వడం మానేస్తుంది, పాలు లేని ఇంటివాళ్ళు ఈనేదాకా కేంద్రం వైపు రారు. మా మీటింగుల్లో, మా ట్రైనింగుల్లో ఇంతమందిమి కూర్చుని ఎన్నో మాట్లాడాం, ఆవు సంగతి ఎవరికీ తట్టలేదు. డాక్టరమ్మ బోర్లించిన పెద్ద క్యాను మీద కూలబడింది. పలమనేరులో అంత సంతోషంగా చెప్పిన ముఖం అదేనా అనిపించింది.

"మందు యాడ పెట్టాల్నో సూసినాం. ఆవు ఎప్పుడు ఈనుతాదో అడగలేదు" అంది. తర్వాత లేచి, చీర దులుపుకుని, నేరుగా మునెమ్మ ఇంటికి నడిచింది.

మునెమ్మ గుమ్మంలో మమ్మల్ని చూసి ఏడుపు మొదలుపెట్టింది. నేను నోరు తెరిచాను. భుజం మీద చెయ్యి పడింది.

"ఉత్త చేతుల్తో ఆడికి పోతే ఏమని అడగరా మేడం? పాలు లేవు, దీనికి ఈడేం పని అంటారు. ఒక నోట్లో పడితే సాలు, మర్నాటికి పుంగనూరికి తెలుస్తాది, అంటురోగం దాసుకోని ఊర్లో తిరుగుతాండానని. ఇంక నా బిడ్డను నాకిస్తారా?"

"దగ్గు మళ్ళా వస్తాండాదా?"

"పొద్దున పూట రొంత."

మధ్యలో మానేస్తే రోగం మొండికేస్తుందని, అప్పుడు ఈ మాత్రలకు లొంగదని మాకు తెలుసు. డాక్టరమ్మ మాత్రం ఏమీ పైకి కనబడనివ్వలేదు. మునెమ్మ చేతికి కళ్ళె డబ్బా ఇచ్చి ఇంటి వెనక ఎండలోకి తీసుకెళ్ళింది. "నేర్పినాను గదా, మర్సిపోయినావా? ఊపిరి నిండా పీల్చు" అంది. ఆ కళ్ళె తీసుకుని మేం కుప్పం వచ్చాం. ఫలితం వచ్చేదాకా డాక్టరమ్మ ల్యాబు వరండాలోనే తిరిగింది, కూర్చోమంటే కూర్చోలేదు. నెగెటివ్ అని ల్యాబు అతను చెప్పాడు, అంటే కళ్ళెలో క్షయ క్రిములు లేవని. డాక్టరమ్మ పైట చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ చాలాసేపు నిలబడింది. నేనూ అటు చూడకుండా తల తిప్పుకున్నాను.

మర్నాడు మళ్ళీ ఆ ఊరు వెళ్ళాం. డాక్టరమ్మ పలమనేరు పక్క సేద్యగాళ్ళ ఇంటి బిడ్డ. గొడ్ల సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

"చూడి ఆవుకు దాణా పెట్టొద్దా మునెమ్మా? డెయిరీలో దాణా ఇస్తారు గదా. ఖాళీ క్యాను తీసుకోని రా. దాణా పోయించుకోని పో. ఖాళీ క్యాను ఎందుకని ఎవురూ అడగరు."

గోవిందప్ప అక్కడే ఉన్నాడు. "అయితే నేను ఎన్న సూడాల అనేదానికి లేదు. ఏమని పిలిసేది మేడం?" అన్నాడు. పాపం, ఆయన బాధ ఆయనది.

"దాణా మంచిదో కాదో లోపలికొచ్చి సూసుకోమను."

అట్లా మునెమ్మ వారం వారం ఖాళీ క్యాను పట్టుకుని ఊరి మధ్య నుంచి నడిచింది. సొట్టపడిన స్టీలు క్యాను అది, పట్టుకునే కమ్మీకి ఎర్రటి గుడ్డ చుట్టి ఉండేది. ఖాళీగా వచ్చేది, మాత్రలు మింగేది, దాణాతో తిరిగి వెళ్ళేది. పోయిన వారాల మాత్రలు కూడా మింగాలి కాబట్టి గడువు కొంచెం ముందుకు జరిగింది. మేం వెళ్ళినప్పుడల్లా డాక్టరమ్మ మునెమ్మను తూకం వేసి, ఆ తర్వాత ఆవును చూడటానికి దొడ్లోకి వెళ్ళేది. ఇద్దరూ ఒళ్ళు చేశారు. ఎవరిని చూసి ఎక్కువ మురిసిపోయేదో నేను చెప్పలేను.

ఆఖరి పరీక్ష కూడా నెగెటివ్ వచ్చింది. ఆ వారంలోనే ఆవు ఈనింది. మునెమ్మ జున్నుపాలు క్యానులో పట్టుకుని పాల కేంద్రం దగ్గర మా కోసం కాచుకుని ఉంది. డాక్టరమ్మ మూత తీసి చూసింది. పసుపుపచ్చగా, చిక్కగా ఉన్నాయి.

"ఇవి నాకు గాదు. జీపెక్కు, పుంగనూరు పోదాం" అంది.

దారి పొడవునా మునెమ్మ క్యాను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో మూత నొక్కి పట్టుకుని కూర్చుంది. డ్రైవరు గుంతలన్నీ తప్పించి ఎంత నిదానంగా తోలాడో, ఆయన అంత నిదానంగా తోలడం నేను మళ్ళీ చూడలేదు.

అత్తగారు గుమ్మంలోనే నిలబడింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. డాక్టరమ్మ వసారాలో తనంతట తానే చాప పరుచుకుని కూర్చుంది. "నీ కోడలికి రోగం పూర్తిగా బాగయిందమ్మా. పరీక్షలో తెలిసింది. పుట్టింట్లో ఆవు ఈనితే నీకని జున్నుపాలు తెచ్చింది. నేను పొద్దున్నుంచి ఏమీ తినలేదు. రొంత బెల్లమేసి వండుకోని రా, నాకూ పెట్టు" అంది.

ఆ ముసలామె క్యాను వైపు చూసింది. కోడలు తెచ్చిన పాలు. కోడలు చేత్తో పిండిన పాలు. తాకాలా వద్దా అన్నది ఆమె ముఖంలో కనబడుతోంది. మునెమ్మ తల ఎత్తలేదు. ఎదురింటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళు పని మానుకుని మరీ చూస్తున్నారు. లోపలి గది తలుపు సందులో నుంచి ఒక చిన్న పిల్ల తొంగి చూస్తోంది. ఎంతసేపు గడిచిందో గానీ, ముసలామె వంగి క్యాను అందుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి పొయ్యి రాజేసిన పొగ వచ్చింది. ఏలకుల వాసన వచ్చింది.

జున్ను ఆకుల్లో పెట్టుకుని వచ్చింది. డాక్టరమ్మ మొదట తను తిని, "బెల్లం రొంత ఎక్కువైంది గానీ బాగుండాది" అని, ఇంకో ముక్క వేయించుకుంది. అప్పుడు పిల్ల మెల్లగా బయటికొచ్చి తల్లికి కొంచెం దూరంలో ఆగింది. మునెమ్మ ఆకులో ముక్క తుంచి చెయ్యి చాచింది. పిల్ల నానమ్మ ముఖం చూసింది. నానమ్మ, "తినుపో, మీ అమ్మే" అంది.

తినేసి పిల్ల తల్లి ఒళ్ళో కూర్చుంది. డాక్టరమ్మ కూర్చోబెట్టే పని పడలేదు.

మేం బయల్దేరేటప్పుడు ముసలామె క్యాను కడిగి తెచ్చి డాక్టరమ్మ చేతికిచ్చింది, పుట్టింటివాళ్ళకు చేర్చమని. జీపులో డాక్టరమ్మ మూత తీసింది. అడుగున ఒక బెల్లం అచ్చు ఉంది. మా వైపు, పాలు వచ్చిన గిన్నెను అయినవాళ్ళకు ఖాళీగా తిప్పి పంపరు. డాక్టరమ్మ ఆ అచ్చును చేత్తో పట్టుకుని చూసి, మళ్ళీ క్యానులోనే పెట్టింది.

"నెగెటివ్ అని మనం చెప్తే సాలదప్పా. బాగయిందని ఇల్లు చెప్పాల. ఇప్పుడు చెప్పింది" అంది.

ఆ తర్వాత కుప్పంలో, గుడుపల్లెలో ఎక్కడ ట్రైనింగు జరిగినా, కొత్త డాక్టర్లకు, నర్సమ్మలకు మందుల మోతాదులన్నీ చెప్పాక ఆఖర్న ఒక ప్రశ్న అడిగేది. "పేషెంటు ఇంట్లో ఆవు ఎప్పుడు ఈనుతాది?" ఆ కుర్ర డాక్టర్లు, నర్సమ్మలు నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది, తర్వాత పాల కేంద్రం కథ చెప్పేది. "నేను తప్పు పోయినాను, మీరు పోవద్దు" అని మొదలుపెట్టేది. వాళ్ళు ఇప్పుడు ఎక్కడెక్కడో పనిచేస్తున్నారు. ఆవులు లేని చోట వేరే ఏదో ఉంటుంది. అది అడగడం నేర్చుకున్నారనుకుంటాను.

మదనపల్లెలో ఆమె ఇంటికి నేను చేరేసరికి కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. చలికి ఎవరో మూయబోతే వాళ్ళ చెల్లెలు వద్దందట. ఆ సాయంత్రమే పలమనేరు దగ్గర వాళ్ళ మామిడితోటలో, తల్లిదండ్రుల పక్కన మట్టి చేశారు.

మూడో రోజు సమాధి మీద పాలు పోసే వేళకు నేను, డ్రైవరు మళ్ళీ వెళ్ళాం. ఇంటివాళ్ళు తతంగం ముగించి పక్కకు జరిగారు. మట్టిలో గుచ్చిన ఊదొత్తుల పొగ ఎటు పోతోందో నేను చూశాను, ఎప్పటి అలవాటే. అప్పుడు తోట గేటు దగ్గర ఒక ఆడమనిషి, పక్కన ఆమె భుజాల దాకా ఎదిగిన పిల్ల కనబడ్డారు. డ్రైవరు నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె చేతిలోని క్యానును ఇద్దరం ఒకేసారి గుర్తుపట్టాం. సొట్ట అట్లాగే ఉంది. కమ్మీ గుడ్డ మాత్రం కొత్తది.

మునెమ్మ నేరుగా సమాధి దగ్గరికి వచ్చింది. మూత తీసి, తల వైపు నుంచి కాళ్ళ దాకా మెల్లగా పాలు పోసింది. ఆఖరి చుక్క దాకా వంచింది. కొత్త మట్టి అన్నీ పీల్చుకుంది. కూతురు దండం పెట్టుకుంటుంటే ఆమె క్యాను మూత బిగించింది. తర్వాత ఇద్దరూ మామిడి చెట్ల మధ్య గట్టు మీదుగా బస్సు రోడ్డు వైపు నడిచారు. ఖాళీ క్యాను ఆమె చేతిలో, నడకకు తగ్గట్టు ఊగుతూ పోయింది.